నిల్ అని రాసిన డబ్బా

మస్కట్‌లో నేను సర్దని సామాను లేదు. పియానో సర్దాను. పిల్లి బోను సర్దాను. ఒక దొరసాని తన పెరట్లో కాసిన నిమ్మకాయల్ని వదిలి వెళ్లలేనంటే వాటిని ఒక్కొక్కటిగా కాగితంలో చుట్టి సర్దాను. అట్టపెట్టెలో పడేసి టేపు కొట్టడం కూడా ఒక పనేనా అని ఇప్పుడు గల్ఫ్ ఎక్కబోయే తమ్ముళ్లు అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. మీ దగ్గర సర్టిఫికెట్లు ఉన్నాయి, సంతోషం. మా దగ్గర చేతులు తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ చేతులకు పొగరెక్కితే ఏమైందో, ఆ పొగరు దిగాక కూడా నేను ఎలా గెలిచి బయటపడ్డానో చెబుతాను.

అవి తొంభైల మధ్య రోజులు. రూవిలో ఆఫీసు, పక్కన వాదీ కబీర్‌లో గోదాము ఉన్న ఒక ప్యాకింగ్ కంపెనీలో నేను పనిచేసేవాణ్ణి. దేశం విడిచి వెళ్లే విదేశీయుల ఇళ్లకు పోయి సామాను సర్దడం, ఓడ దొరికేదాకా గోదాములో ఉంచడం, తర్వాత కంటైనర్‌లో ఎక్కించడం మా డ్యూటీ. ఎనిమిదేళ్లు పెట్టెలు మోశాక ఫోర్‌మన్ అయ్యాను. ఆ కంపెనీలో ఫోర్‌మన్ అయిన మొదటి తెలుగువాణ్ణి నేనే. రూమ్‌లో మేం ఎనిమిది మందిమి, అందరం నిజామాబాద్, కరీంనగర్ వైపు వాళ్లమే. ఆ వారం వాళ్లు తలా ఇంత వేసుకుని నాకు కొత్త బూట్లు కొనిచ్చారు. ఫోర్‌మన్ చెప్పులేసుకుని తిరిగితే మన ఇజ్జత్ పోతదన్నారు.

ఫోర్‌మన్ చేతికి ఒక అట్ట, దానికి తగిలించిన లిస్టు ఇస్తారు. ప్రతి పెట్టెకూ అందులో ఒక వరుస ఉంటుంది: నంబరు, లోపలేముంది, విలువెంత. ఖరీదైనవి గోదాములో పై అరల మీదికి వెళతాయి. విలువ లేనివి కింద, నేల మీదే. ఆ లిస్టు రాయగలిగినవాడే ఫోర్‌మన్.

నేను ఫోర్‌మన్ అయిన నాలుగో నెలలో ఖురుమ్‌లో ఒక అమెరికా ఇంజినీరు ఇల్లు సర్దడానికి పోయాం. సూర్ దగ్గర గ్యాస్ ప్లాంటు పని మొదలవుతోంది, అతన్ని అక్కడికి మార్చారు. అక్కడ క్యాంపు గదిలో ఉండాలి కాబట్టి విల్లాలోని సామానంతా మా గోదాముకే. ఆ ఇంట్లో వంటా పనీ చూసుకునే ఆవిడ గోదావరి జిల్లా మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. తెలుగు చెవిన పడగానే మా అందరికీ చాయ్ పెట్టింది. నేను సన్న కాడ గాజు గ్లాసు ఒకటి కాగితంలో చుడుతూ ఆమెకు చూపించాను.

"చూసినవా అక్కా, గిట్ల చుడితే కిందవడ్డా పలగది."

"గాజు చుట్టడం ఏం గొప్ప తమ్ముడూ. మా ఊళ్లో పూతరేకులు చుడతామండి. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతాయి. ఒక్క రేకు చిరగకుండా పైకి తియ్యండి, అప్పుడు ఒప్పుకుంటాను."

అందరూ నవ్వారు. నాకు కొంచెం కోపం వచ్చింది. ఫోర్‌మన్‌ని గదా.

బీరువా అడుగున ఒక బూట్ల డబ్బా దొరికింది. మూత తీసి చూస్తే అరచేతిలో పట్టే పాత అట్టముక్కలు, అరవై దాకా. ఒక్కోదాని మీద టోపీ పెట్టుకున్న ఒక మనిషి బొమ్మ, కొందరి భుజం మీద లావుపాటి కర్ర. రాజు లేడు, రాణి లేదు, ఆసు లేదు. పిల్లలు ఆడుకునే పేక అనుకున్నాను, అందులోనూ సగం ముక్కలు పోయిన పేక.

"ఆయ్, ఆ డబ్బా ఒక్కటీ సారుని అడిగి సర్దండి. దాన్ని ఎప్పుడూ తాళం వేసి ఉంచుతారు" అందామె.

"పత్తాలే గదక్కా. మా రూమ్‌ల రెండు కట్టలున్నయి, గావాల్నంటే అవి గూడ తెచ్చిస్త సారుకు."

అందరూ మళ్లీ నవ్వారు, ఈసారి నా వైపు. ఆ నవ్వు నాకు బాగా నచ్చింది. పాత పేకముక్కలు అని ఇంగ్లీషులో లిస్టులో రాశాను, విలువ గడిలో ‘నిల్’ అని కొట్టాను. పిల్లల బొమ్మలతో కలిపి ఒక పెట్టెలో పెట్టి, గోదాములో నేల మీద, కింద చెక్క కూడా వేయకుండా, నా చేత్తోనే పెట్టాను. ఇంజినీరు సూర్ పోయే తొందరలో ఉండి, చదవకుండానే ప్రతి పేజీ మీదా సంతకం చేశాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం సూర్ నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ పెట్టేసి మేనేజర్ నన్ను పిలిచాడు. ఆయన ముంబై మనిషి, మాతో హిందీలోనే మాట్లాడేవాడు. ఇంజినీరు ఉద్యోగం వదిలేసి ఊరికి పోతున్నాడట. వచ్చే శనివారం వస్తాడు, ఆ బూట్ల డబ్బాను మాత్రం ఓడకెక్కించొద్దు, చేతిలో పట్టుకుని విమానంలో తీసుకుపోతాడు. ఊళ్లో అలాంటి కార్డుల దుకాణం పెడుతున్నాడట, ఆ డబ్బాతోనే మొదలుపెడతాడట. పత్తాలకు దుకాణమేంటని నేను నవ్వుకుంటూ గోదాములోకి పోయాను.

ఆ నవ్వు పెట్టె దగ్గరే ఆగిపోయింది. ఆఫీసు ఏసీ నీళ్ల పైపు ఎప్పుడు పూడుకుపోయిందో ఏమో, నీళ్లు గోడ వెంట లోపలికి కారాయి. పై అరల మీద ఒక్క పెట్టెకూ చుక్క తగల్లేదు. నేల మీది నా పెట్టె అడుగంతా నాని, మళ్లీ ఆరిపోయి ఉంది. బూట్ల డబ్బా మూత తీస్తే కార్డులన్నీ కలిసి ఒక్క ఇటుక. ఊపితే చప్పుడు కూడా లేదు.

అదే పెట్టెలో పైన ఒక పుస్తకం పొడిగానే ఉంది. అది ఆ కార్డుల ధరల పుస్తకం. నా వెనకే వచ్చిన మేనేజర్ దాన్ని తిరగేశాడు. దాదాపు ప్రతి పేరు పక్కనా పైకి చూపే బాణం ముద్ర, అంటే ధర పెరుగుతోందని. ఒక పేరు కింద పెన్సిలుతో గీత గీసి ఉంది. ఆ గీత పక్కనున్న డాలర్లను మేనేజర్ రియాల్‌లోకి మార్చి చూశాడు, మళ్లీ ఒకసారి మార్చి చూశాడు. ఒక్క అట్టముక్క నా నాలుగేళ్ల జీతం.

మేనేజర్ నన్ను తన గదిలోకి తీసుకుపోయి తలుపు మూశాడు. "లిస్ట్ మే క్యా లిఖా హై? తాష్ కే పత్తే, నిల్. ఉస్‌కా సైన్ భీ హై. తుమ్ ఏక్ కాగజ్ పే లిఖ్ దో, బాత్ ఖతమ్."

డబ్బాలో ఉన్నవి ఉత్త పేకముక్కలేనని నేను రాసివ్వాలి. ఇంజినీరు తన సంతకం తానే కాదనలేడు. రాసివ్వకపోతే అర్బాబ్ దాకా, అంటే కంపెనీ యజమాని దాకా పోతుంది, నా వీసా క్యాన్సిల్, వచ్చే విమానంలో నేను నిజామాబాద్ దారి పడతాను. చూశారా వింత, ముంచింది నా తప్పే, ఇప్పుడు ఒడ్డున పడేసేదీ అదే. అబద్ధం ఎందుకు చెప్పాలి, నేను పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా.

అప్పుడు నాకు అగ్గిపెట్టె బొమ్మలు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు మా ఊళ్లో పోరగాళ్లమంతా అగ్గిపెట్టెల మీది బొమ్మలు ఊడదీసి జమ చేసుకునేవాళ్లం, పందెం కాసి ఆడుకునేవాళ్లం. నా దగ్గర ఓడ బొమ్మ ఒకటి ఉండేది, వాడకట్టులో ఇంకెవరి దగ్గరా లేదు. మా అమ్మ ఒకరోజు చెత్త అనుకుని మొత్తం పొయ్యిలో వేసింది. రెండు రోజులు అన్నం తినలేదు నేను. నలభై ఏళ్ల వయసులో, మేనేజర్ గదిలో, ఆ ఓడ కోసం నాకు మళ్లీ ఏడుపొచ్చింది. అమెరికా పోరడు పెద్దోడయ్యేదాకా దాచుకున్నదాన్ని నేను పొయ్యిలో వేశాను.

"శనివార్ తక్ టైమ్ దో సాబ్" అన్నాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు, కానీ సరేనన్నాడు.

సోమవారం పొద్దున పెట్టెలు కోసే చాకు తీసుకుని పైన ఉన్న కార్డు కింద పెట్టి కదిపాను. మూల చిరిగి చేతికొచ్చింది. అక్కడితో చాకు విసిరేశాను. కూర్చుని ఆలోచిస్తుంటే మా అమ్మే దారి చూపింది. మాది ఇంటింటా బీడీలు చేసే ఊరు. ఎండిన తునికాకును అట్లే కత్తిరిస్తే పెళపెళ విరుగుతుంది. నీళ్లలో నానేస్తే బూజు పడుతుంది. తడిగుడ్డలో చుట్టి ఒక రాత్రి ఉంచితే ఆకే మెత్తబడి విడివడుతుంది. గుడ్డ ఎంత పిండాలో మా అమ్మ చేతులకు తెలుసు. ఆమె పక్కన కూర్చుని పిండినవాణ్ణి కాబట్టి నాకూ తెలుసు.

మెత్తటి తెల్లగుడ్డను తడిపి, చుక్క కారకుండా పిండి, ఇటుకకు చుట్టి, నా స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి మూత వేశాను. బుధవారం పొద్దున్నే తీసి చూస్తే అంచులు మెత్తబడ్డాయి. సంతోషం పట్టలేక పైకార్డును లాగాను. వెనక కార్డు మీది మనిషి ముక్కు దీనికి అంటుకుని వచ్చేసింది. ఆకును ఎట్లా మెత్తబరచాలో నాకు తెలుసు గాని, ఎట్లా విప్పాలో నా చేతులకు తెలియదు. నావి టేపు లాగే చేతులు.

అప్పుడు పూతరేకుల మాట గుర్తొచ్చింది. చిల్లర డబ్బులకు తిరిగే బైసా బస్సెక్కి ఖురుమ్ పోయాను. ఆమె అదే వీధిలో ఇంకో ఇంట్లో పనిలో చేరింది. గేటు దగ్గర నిలబడి మొత్తం చెప్పాను, తల ఎత్తకుండా.

"ఆ రోజు చెప్తే విన్నారా? నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశారు" అంది.

"తప్పయిందక్కా. నీ కాళ్లు మొక్కుత, నువ్వొక్కసారి వచ్చి సూడు."

"నా కాళ్లెందుకండి. చేతులు కదా కావాలి." కొంగుతో చేతులు తుడుచుకుంది. "గుడ్డ ఇప్పుడు ఎక్కడుంది?"

"డబ్బాల పెట్టిన, మూతేసి."

"తియ్యకండి. నేనొచ్చేదాకా మళ్లీ ముట్టుకోకండి. మీరు ముట్టుకున్నవి చాలు."

గురువారం మధ్యాహ్నం వాళ్ల మేడమ్‌ని అడుక్కుని వచ్చింది. శుక్రవారం ప్రార్థన అయ్యాక మళ్లీ వచ్చింది. గోదాములో బల్ల వేసి, ఏసీ ఆపించింది, ఫ్యాన్ ఆపించింది. గోళ్లు కత్తిరించుకుంది. పల్చటి పాలిథిన్ ముక్కను రెండు కార్డుల మధ్య మూల దగ్గర పెట్టి, వేలి కొసతో అంగుళంలో పావు వంతు జరిపి ఆగేది. మళ్లీ జరిపేది. నా పని గుడ్డ తడపడం, పిండడం, మార్చడం. విడివడిన ప్రతి కార్డునూ మేం గాజు సామానుకు వాడే అచ్చులేని తెల్లకాగితాల మధ్య పెట్టి పైన చెక్క బరువు పెట్టాను. గోదాములో ఆగస్టు ఉక్క ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. చెమట కార్డు మీద పడకుండా ఆమె నుదుటికి తువ్వాలు కట్టుకుంది.

"తమ్ముడూ, ఈ మనిషి మా మేనమామలా ఉన్నాడు" అనేది ఒక్కో బొమ్మను చూసి. "ఈయన నవ్వు చూడండి, అప్పు ఎగ్గొట్టినవాడి నవ్వు."

"పని సూడక్కా."

"పని చూస్తూనే అంటున్నానండి. ఊరికే ఉంటే చెయ్యి వణుకుతుంది."

శుక్రవారం మూడు గంటలకు నలభైకి పైగా కార్డులు బల్ల మీద వరుసగా ఆరుతున్నాయి. మధ్యలో ఉన్న చివరి ముద్ద మిగిలింది. అప్పుడు గోదాము తలుపు తెరుచుకుంది. శనివారం రావలసిన ఇంజినీరు ఒకరోజు ముందే వచ్చాడు, వెనకాల మేనేజర్ పరుగున వచ్చాడు.

ఇంజినీరు బల్ల చూశాడు. కార్డులు చూశాడు. అతని ముఖం పాలిపోయింది. మేనేజర్ చేతిలో లిస్టు ఉంది, ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టాడు, "లిస్టు ప్రకారం సార్, పేకముక్కలు" అన్నంతవరకు నాకు అర్థమైంది.

నాకు వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకున్నాను. పేకముక్కలు అని రాసింది నేనే, తప్పు రాశాను, నేల మీద పెట్టింది నేనే, నీళ్లు పడ్డాయి, మూల చింపింది కూడా నేనే అన్నాను. మేనేజర్ కళ్లు మూసుకున్నాడు. నా ఫోర్‌మన్ పని ఆ మాటతో పోయిందనే అనుకున్నాను. భయంగా ఉంది, అయినా ఎంత తేలికగా ఉందో చెప్పలేను.

ఇంజినీరు బల్ల మీదికి వంగాడు. ఇంకెన్ని ఉన్నాయని అడిగాడు. ఆమె తల ఎత్తకుండానే ముద్ద చూపించింది. అతను ఒక ఖాళీ పెట్టె బోర్లించి దగ్గరగా కూర్చున్నాడు.

"తమ్ముడూ, సారుని కొంచెం వెనక్కి జరగమనండి. ఆయన ఊపిరి తగులుతోంది."

నేను చెప్పాను. మూడేళ్లు ఆమె చేత చాయ్ పెట్టించుకున్న మనిషి బుద్ధిగా పెట్టెతో సహా వెనక్కి జరిగాడు.

గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో అతను మెల్లగా, నాకు అర్థమయ్యేలా, ఆ కార్డుల సంగతి చెప్పాడు. అవి అప్పట్లో చూయింగ్ గమ్‌తో పాటు ఊరికే వచ్చేవట. పిల్లలు సైకిలు చక్రం పుల్లల మధ్య పెట్టి టపటప శబ్దం చేసుకుంటూ తిరిగేవారట. మేమూ అట్టముక్కలతో అదే చేసేవాళ్లమని నేనంటే అతను మొదటిసారి నవ్వాడు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఇళ్లల్లో అమ్మలు వాటిని చెత్తలో వేశారు. దేశమంతా అమ్మలు అదే పని చేశారు కాబట్టి మిగిలిన కొన్నిటికీ ఇంత గిరాకీ. అప్పటి పిల్లలే ఇప్పుడు డబ్బున్న ముసలివాళ్లయి వాటి వెంట పడుతున్నారు. వాళ్ల అమ్మ మాత్రం పారేయలేదట. నాకు మా అమ్మ మీద ఉన్న పాత కోపం ఆ రోజు పోయింది. పాపం, దేశదేశాల అమ్మలదీ ఒకటే పద్ధతి.

చివరికి రెండే కార్డులు మిగిలాయి. ఆమె "ప్రభువా" అని గొణుక్కుని పాలిథిన్ ముక్కను జరిపింది. ఆగింది. గుడ్డ మార్చమంది. మళ్లీ జరిపింది. పైది విడివడింది. దాని కింద, వెనకంతా పసుపు రంగు, ముందు నవ్వుతున్న ఒక కుర్రవాడు, భుజం మీద కర్ర. నీళ్లు నడిమధ్యదాకా రాలేదు. ఒక అంచున వెంట్రుకంత గోధుమరంగు గీత, అంతే. ఇంజినీరు టోపీ తీసి ఆ కుర్రవాడి పేరు మెల్లగా చదివాడు. ధరల పుస్తకంలో పెన్సిలు గీత ఉన్న పేరు అదే.

అరవై రెండింటిలో ఐదు పోయాయి. ఆ గోధుమరంగు గీత వల్ల కుర్రవాడి కార్డు ధర కొంత తగ్గుతుందని అతను దాచకుండా చెప్పాడు. ఇటుకకైతే ధరే ఉండదు కదా అని కూడా అన్నాడు. తర్వాత మేనేజర్ చేతిలోంచి లిస్టు తీసుకున్నాడు. నా పేకముక్కల మాట కొట్టేసి బేస్‌బాల్ కార్డులు అని రాశాడు. ‘నిల్’ కొట్టేసి, దాని పైన ఇంగ్లీషులో ‘యజమానిని అడగాలి’ అని రాసి, నా చేతికిచ్చాడు. ఈ ఫోర్‌మన్ లేకపోతే నా సామాను మీ దగ్గర ఒక్కరోజు కూడా ఉంచనని మేనేజర్‌తో అన్నాడు. మేనేజర్ వెంటనే, మా కంపెనీలో ఇలాంటి పనులకు ఇతనొక్కడే ఉన్నాడు సార్ అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆ తర్వాత పదేళ్లు ఫోర్‌మన్‌గానే ఉన్నాను, కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మొదట ఆ మూడు ఇంగ్లీషు మాటలే నేర్పాను.

వెళ్లేముందు మా ఇద్దరికీ చెరో కార్డు ఇస్తానన్నాడు. ఆమె మొత్తం వరుస చూసి, తొందరపడకుండా, ఆ మేనమామ పోలిక ఉన్నవాణ్ణి తీసుకుంది. నాకు మాత్రం అతనే మూల చిరిగినది ఏరి ఇచ్చాడు. "దీని మీద నీ సంతకం ఉంది" అన్నాడు.

ఇక్కడ నా తెలివి వినండి. మన గల్ఫ్ వాడి దగ్గర విలువైన కాగితం ఏదుంటే అది ఏమవుతుంది? లేబర్ కార్డు, పిల్లల ఫొటో, దేవుడి పటం, అన్నిటికీ ఒకటే గతి. శనివారం పొద్దున్నే రూవిలో ఫొటో స్టూడియోకి పోయి దాన్ని లామినేషన్ చేయించాను. దళసరి ప్లాస్టిక్కు వేయమని రెట్టింపు ఇచ్చాను. ఇక ఏ ఏసీ నీళ్లూ దీన్నేం చేయలేవని ఎయిర్‌పోర్టుకు పోయే ఇంజినీరుకు గర్వంగా చూపించాను. అతను రెండు చేతులతో తల పట్టుకున్నాడు, తర్వాత కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ప్లాస్టిక్కు వేశాక ఇక ఏ దుకాణమూ దాన్ని కొనదట.

ఆమె తన కార్డును బైబిలు పేజీల మధ్య పెట్టుకుంది. ఏడెనిమిదేళ్ల తర్వాత ఇంజినీరే ఉత్తరం రాసి, ధర బాగా లేచింది, పంపమన్నాడట. పంపింది. ఆ డబ్బుతో ఊళ్లో పూతరేకులు తీసే షెడ్డుకి పైకప్పు వేయించింది. ఇప్పుడు అక్కడ పన్నెండుమంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. ఏటా నాకు ఒక డబ్బా పూతరేకులు పంపుతుంది, లోపల చీటీ పెడుతుంది: జాగ్రత్తగా తియ్యండి తమ్ముడూ.

నేను ఒమన్ వదిలి వచ్చేటప్పుడు నా పెట్టె నేనే సర్దుకున్నాను, అలవాటు కొద్దీ లిస్టు కూడా రాశాను. చివరి వరుసలో మూల చిరిగిన ఆ ప్లాస్టిక్ కార్డు. విలువ గడిలో ‘యజమానిని అడగాలి’ అని రాశాను. ఇన్నేళ్లలో ఇంట్లోవాళ్లు గాని, ఊళ్లోవాళ్లు గాని ఒక్కరూ అడగలేదు. మీరూ అడగలేదనుకోండి, నేనే ఆగలేక చెప్పాను.